శిశుతరగతిలో మరబొమ్మ



పలక, బలపం, చింతగింజలతో డెబ్బదియైదేండ్ల క్రితం ఆరంభమైన ఈ బడిని నేడు కొందరు తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "ఇంగ్లీషు బడిలో ఎల్.కె.జి. పిల్లలకే రోబోలు ఇస్తున్నారు. మీ శిశుతరగతిలో ఏమున్నదండీ?" ఆ ప్రశ్న వెనుక బిడ్డను బడి మార్చించే ఆలోచన కూడా ఉన్నది. కనుక దానిని తేలికగా తీసివేయరాదు.

పసివారి చేతికి యంత్రమిచ్చే ఆలోచన నిన్నమొన్నటిది కాదు. సీమూర్ పేపర్ట్, ఆయన సహచరులు 1967లో అమెరికాలో లోగో అను కంప్యూటర్ భాషను పిల్లల కొరకే రూపొందించారు. కొద్దికాలానికే నేలపై కదులుతూ గీతలు గీసే 'తాబేలు' యంత్రం దానికి తోడైంది. పేపర్ట్ అంతకుముందు జెనీవాలో పియాజే వద్ద పనిచేసినవారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి పియాజేను పరిచయం చేయనక్కరలేదు. అయితే లోగో వాడుటకు అక్షరాలు రావలెను. అక్షరాలు రాని బిడ్డ మాటేమిటి? 1970ల మధ్యకాలంలో ఎం.ఐ.టి.లో రేడియా పెర్ల్‌మన్ అను విద్యార్థిని మీటల పెట్టెను, ఆ పిమ్మట బొమ్మల చీటీలను వరుసగా గుచ్చి మీట నొక్కితే తాబేలు నడిచే సాధనాన్ని తయారుచేశారు. అయినా ఆమె ఆ పనిని కొనసాగించలేదు. పసిపిల్లలతో పనిచేస్తే తనను శాస్త్రవేత్తగా ఎవరూ లెక్కచేయరని సందేహించినట్లు తరువాత ఆమెయే చెప్పారు. శిశుతరగతి పంతులమ్మను సమాజం చూచే చూపు ఏ దేశంలోనైనా ఒకటేనేమో!

ఆ బాటలోనే టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బెర్స్ బృందం కీబో అను రోబోను తీర్చిదిద్దింది. అది నాలుగు నుండి ఏడేండ్ల పిల్లలకు ఉద్దేశించినది. దానికి తెర లేదు. ఆజ్ఞలన్నీ కొయ్యదిమ్మెలు. పిల్లలు దిమ్మెలను వరుసగా పేర్చి, వాటిపైనున్న గీతల గుర్తులను రోబోకు చూపితే అది ఆ వరుసలోనే కదులుతుంది. వరుస తప్పితే దారి తప్పుతుంది. ఎక్కడ తప్పిందో బిడ్డ తానే వెదకి సరిదిద్దుకొంటుంది. అసలు చదువు ఆ వెదుకులాటలోనే ఉన్నది.

ఇక్కడ తెలుగు బడికి ఒక మేలు గమనింపదగును. మాటలాడని రోబోకు భాషాభేదం లేదు. దాని చుట్టూ కూర్చున్న పిల్లలు "ముందుకు, కాదు కాదు, ఎడమకు తిప్పు" అని తెలుగులోనే వాదించుకొంటారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం వినే బిడ్డకు ఆ వాదులాటే భాషాభ్యాసం. ఎదురుగా వచ్చే రోబో ఎడమ తన కుడివైపున ఉండుట చూచి తికమకపడుట కూడా ఒక పాఠమే. ఆ పాఠానికి రోబో కొననక్కరలేదు. తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి, ఒక బిడ్డను రోబోగా నిలిపి, తక్కినవారు ఆజ్ఞలిస్తే చాలును.

ఆగ్మెంటెడ్ రియాలిటీ సంగతి వేరు. పుస్తకంలోని పుటను పరికరం ద్వారా చూస్తే దానిపై బొమ్మ లేచి నిలిచినట్లు కనబడుతుంది. 2001 నాటికే మ్యాజిక్‌బుక్ అను పేర మార్క్ బిల్లింగ్‌హర్స్ట్ మున్నగువారు దీనిని ప్రదర్శించారు. తిమింగలం, కొట్టుకొనే గుండె, అగ్నిపర్వతం వంటి తరగతికి తేజాలని వాటికి అది పనికివస్తుంది. పెరటిలోని మందారాన్ని ఫోనులో చూపుట మాత్రం వృథా. ఆ పువ్వు చేతికి అంటదు, వాడిపోదు. పైగా బిడ్డకు అక్కడ వినబడేది తరచు ఇంగ్లీషే. 2022లో వెలువడిన పునాదిదశ జాతీయ పాఠ్యచట్రం మూడు నుండి ఎనిమిదేండ్ల పిల్లలకు ఇంటిభాషనే బోధనామాధ్యమంగా కోరింది. రెండు నుండి నాలుగేండ్ల వారు తెర ముందు కూర్చొనుట రోజుకు ఒక గంట మించరాదని, తగ్గిన కొద్దీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

కావున ప్లాటినం జూబిలీ నిధి నుండి శిశుతరగతికి టాబ్లెట్లు కొనవలెనన్న సూచనను పాలకమండలి పునరాలోచించుట మంచిది. తెర లేని నేలరోబోలు రెండు చాలును. అవి వచ్చుటకు ముందే ఉపాధ్యాయినులకు శిక్షణ జరగవలెను. బీరువాలో పెట్టి తాళం వేసిన సైన్సు పరికరాల కథ ఏ బడికీ కొత్త కాదు. ఎలక్ట్రానిక్స్ చదివిన పూర్వవిద్యార్థులు ఈ సభలో ఉన్నారు. ఏడాదికి రెండు శనివారాలు వచ్చి చక్రాలు, బ్యాటరీలు చూచిపోగలవారు తమ పేర్లను కార్యాలయంలోని పుస్తకంలో వ్రాయవలసినదిగా ప్రార్థన.