పగడపు దీవుల మధ్య పడవ కాపురం

తెరచాప పడవలో నెలల తరబడి బతకడం మనవాళ్లు ఎరగనిదేం కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భూమిని చుట్టిరావడానికి బయల్దేరిన నౌకాదళ పడవ ‘తారిణి’లో ఆరుగురు మహిళలుంటే, హైదరాబాదు ఐశ్వర్య, విశాఖ స్వాతి మన తెలుగుబిడ్డలు. మరుసటి ఏడు మే 21న తిరిగొచ్చారు.

వాళ్లది నడిసముద్రపు దారి. పగడపు దీవుల మధ్య తిరిగే పడవల కష్టం వేరు. ఈ దీవులు పుట్టేది ఇలా: అగ్నిపర్వతం మెల్లగా కుంగుతుంటే, దాని చుట్టూ పగడపు జీవులు సున్నపు గూళ్లు కట్టుకుంటూ పైకి పెరుగుతాయి. కొండ మాయమై ఉంగరంలాంటి దిబ్బ మిగులుతుంది. డార్విన్ 1842లోనే ఈ మాట అచ్చువేశాడు. దానికి రుజువుగా 1952లో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవిలో బోర్లు వేస్తే, 1,200 మీటర్ల పైచిలుకు సున్నపురాయి దాటాకే అగ్నిపర్వతపు రాయి తగిలింది. బోరు లోతు తెలిసిన పులివెందుల రైతుకు ఆ అంకె ఎంతటిదో నేను చెప్పక్కర్లేదు.

మనకు దగ్గరలో ఇలాంటి దీవులు లక్షద్వీప్‌లో ఉన్నాయి. దిబ్బ సందులోంచి లోపలి మడుగులోకి పడవ రావాలంటే ఎండ నడినెత్తినో వీపు వెనకో ఉండాలి. అప్పుడే నీటి రంగు తెలుస్తుంది: ముదురు నీలమైతే లోతు, లేత రంగైతే ఇసుక మేట, గోధుమరంగైతే పగడం. మబ్బు పడితే ఆగడమే మేలు. లంగరు ఇసుకలోనే వేయాలి. గొలుసు ఒరుసుకుంటే ఎన్నో ఏళ్ల పగడం ఒక్క రాత్రిలో పిండవుతుంది. అన్నిటికన్నా నాకు ఈ లంగరు జాగ్రత్తే ముఖ్యమనిపిస్తుంది.

ఇక నీళ్లు. దీవి ఇసుక కింద వాననీరు ఉప్పునీటి మీద పలుచగా తేలుతుంటుంది. ఎక్కువ తోడితే ఉప్పెక్కుతుంది. అందుకే తెలిసిన పడవవాళ్లు ఊరి బావి జోలికి పోరు. గుడ్డ కట్టి వాననీళ్లు పడతారు, లేదా ఉప్పు తీసే యంత్రం నడుపుతారు. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర ఒక్క చెంబు మంచినీళ్లతో తొలుస్తారు.