నాట్ల ముఠా నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో ప్రసంగం)



కాంట్రాక్టు ప్రోగ్రామర్‌నైన నన్ను టీమ్ లీడ్‌గా ఉండమన్నారు. గంటల లెక్కన వచ్చే సంపాదన తగ్గుతుంది, పదిమంది పనికి జవాబు చెప్పాలి. నెల రోజులు తేల్చుకోలేకపోయాను.

అప్పుడు మాడుగులపల్లిలో చిన్నప్పుడు చూసిన నాట్ల ముఠా పెద్దమ్మ గుర్తొచ్చింది. కూలి తానే మాట్లాడేది, కొత్త పిల్లకు నాటు నేర్పేది, తానూ మడిలో వంగేది.

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేర్చితే మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే రాశారు. కొత్తవాళ్లకు నేర్పడానికే పాతవాళ్ల సమయం పోతుంది. ఆ నేర్పే ఓపిక ఉంటేనే లీడ్ కావాలి.

గడువు పెట్టేటప్పుడు నన్నూ అడగాలన్నాను. సరేనన్నారు, చేరాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బాధ్యతతోపాటు అధికారమూ ఇస్తారా అని అడగండి. ఇవ్వనంటే, కాంట్రాక్టులోనే ఉండటం నామోషీ కాదు.