జాక్ రోజ్‌లో యాపిల్ ఎక్కడికి పోయింది? కాక్‌టెయిల్‌కి ఏ యాపిల్ బ్రాందీ కొనాలి

 

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు దాటినవాళ్లకి మాత్రమే. ఇక్కడ అమెరికాలో అయినా, అక్కడ తెలంగాణ, ఆంధ్రాలో అయినా లిమిట్ అదే. అలవాటు లేనివాళ్లు హ్యాపీగా స్కిప్ చేసేయండి, మీరు మిస్ అయ్యేది ఏమీ లేదు. ఇంకోటి, ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు. బ్రాండ్ పేర్లు చెప్తాను, ఎందుకంటే అవి చెప్పకపోతే ఈ టాపిక్ అర్థం కాదు.

విషయం ఏంటంటే, డాలస్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇంట్లో జాక్ రోజ్ చేశా. రెసిపీలో ఎలా ఉందో అచ్చం అలాగే కొలిచి పోశా. యాపిల్ టేస్టే లేదు. నిమ్మకాయ షర్బత్‌లో వోడ్కా కలిపినట్టుంది. నా దగ్గర ఏమైనా తేడా ఉందా?" అని. బాటిల్ ఫోటో పెట్టమన్నాను. ముందు వైపు కాదు, వెనక వైపు. ఫోటో రాగానే విషయం తేలిపోయింది. కొలతల్లో తేడా ఏం లేదు. షర్బత్‌లో వోడ్కా అన్నాడు చూడండి, అది దాదాపు నిజం.

జాక్ రోజ్ తెలియనివాళ్లకి ఒక్క ముక్క. యాపిల్‌జాక్, నిమ్మరసం, గ్రెనడిన్, ఈ మూడే. గ్రెనడిన్ అంటే దానిమ్మ సిరప్. ఆ గులాబీ రంగు దాని వల్లే. చాలా పాత డ్రింక్. 1926లో వచ్చిన హెమింగ్వే నవల 'ది సన్ ఆల్సో రైజెస్'లో హీరో ప్యారిస్‌లో ఒక హోటల్ బార్‌లో కూర్చుని ఇదే తాగుతాడు. 1948లో డేవిడ్ ఎంబ్యురీ అనే లాయర్ కాక్‌టెయిల్స్ మీద ఒక పుస్తకం రాశాడు, అందులో ముఖ్యంగా నేర్చుకోవాల్సిన ఆరు డ్రింకులని మార్టినీ, మాన్‌హాటన్, ఓల్డ్ ఫ్యాషన్డ్‌ల పక్కన దీన్ని కూడా పెట్టాడు. అంత పేరున్న డ్రింక్ షర్బత్‌లా ఎందుకుంటుంది?

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే ఒక్క లైన్‌లో చెప్పొచ్చు. ప్యాకేజీ పేరు అదే, మధ్యలో ఎవడో బ్రేకింగ్ చేంజ్ పెట్టాడు, డాక్యుమెంటేషన్ మాత్రం పాతదే.

ఎంబ్యురీ రాసే టైమ్‌కి యాపిల్‌జాక్ అంటే యాపిల్ బ్రాందీయే. యాపిల్ రసం పులియబెట్టి, దాన్ని బట్టీ పట్టి, ఓక్ పీపాల్లో పెట్టినది. తర్వాత అమెరికాలో జనం టేస్ట్ మారింది. వోడ్కా లాంటి లైట్ సరుకు కావాలన్నారు. 1970ల్లో "బ్లెండెడ్ యాపిల్‌జాక్" అని కొత్త కేటగిరీ వచ్చింది. ఇప్పటికీ ఉన్న రూల్ ఏంటంటే, ఓక్‌లో కనీసం రెండేళ్లు ఉంచిన యాపిల్ బ్రాందీ 20 శాతం ఉంటే చాలు, మిగతా 80 శాతం వరకు న్యూట్రల్ స్పిరిట్ కలపొచ్చు. న్యూట్రల్ స్పిరిట్ అంటే రుచీ వాసనా లేని ఆల్కహాల్. అంటే వోడ్కాకి అన్నయ్య అనుకోండి.

ఇండియా నుంచి చూసేవాళ్లకి ఇది వింతేం కాదు. మన వైన్ షాపుల్లో బ్రాందీ సీసా లేబుల్ చదివితే చాలాసార్లు ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ అనే మాట కనిపిస్తుంది. పేరు బ్రాందీ, లోపల ఎక్కువ భాగం మొలాసిస్ స్పిరిట్. ఇక్కడ యాపిల్‌జాక్‌తో జరిగింది కూడా అదే కథ. దాచిపెట్టి అమ్మట్లేదు, లేబుల్ మీద రాస్తారు. చదివేవాడు కావాలి అంతే.

ఇప్పుడు నేను ఉండే న్యూజెర్సీకి వద్దాం. లెయిర్డ్స్ అని ఇక్కడి కంపెనీ. మన తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఎడిసన్ నుంచి కారులో గంట కూడా పట్టదు, స్కోబీవిల్ అనే చిన్న ఊరు. 1780 నుంచి వ్యాపారం చేస్తున్నాం అని చెప్పుకుంటారు. ఇప్పుడు బట్టీ మాత్రం వర్జీనియాలో. అమెరికాలో యాపిల్‌జాక్ అంటే ఎక్కువ షాపుల్లో ముందు కనిపించేది వీళ్లదే. కన్ఫ్యూజన్ కూడా అక్కడే, ఎందుకంటే ఒకే పేరుతో షెల్ఫ్ మీద వేరు వేరు సీసాలుంటాయి.

బ్లెండెడ్ యాపిల్‌జాక్: 40 శాతం ఆల్కహాల్, అందులో యాపిల్ 35 పాళ్లు, ధాన్యం నుంచి తీసిన న్యూట్రల్ స్పిరిట్ 65 పాళ్లు. తమ్ముడి దగ్గర ఉన్నది ఇదే. తర్వాత స్ట్రెయిట్ యాపిల్‌జాక్ 86: ఇది మొత్తం యాపిలే, 43 శాతం. ఆ పైన స్ట్రెయిట్ యాపిల్ బ్రాందీ, బాటిల్డ్ ఇన్ బాండ్: ఇదీ మొత్తం యాపిలే, 50 శాతం. అమెరికా లెక్కలో 100 ప్రూఫ్ అంటారు, ప్రూఫ్‌ని సగం చేస్తే శాతం వచ్చేస్తుంది.

బాటిల్డ్ ఇన్ బాండ్ అనేది మార్కెటింగ్ మాట కాదు. 1897లో చేసిన చట్టం నుంచి వచ్చింది. ఆ రోజుల్లో విస్కీలో పొగాకు, రంగు, ఏది పడితే అది కలిపి అమ్మేవాళ్లు, దాన్ని అరికట్టడానికి తెచ్చారు. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసినదై ఉండాలి, గవర్నమెంట్ నిఘా ఉన్న గోడౌన్‌లో కనీసం నాలుగేళ్లు ఉండాలి, సరిగ్గా 50 శాతం దగ్గర సీసాలో నింపాలి. ఈ మూడు మాటలు లేబుల్ మీద కనిపిస్తే సగం రీసెర్చ్ ప్రభుత్వమే చేసిపెట్టినట్టు.

సరే, లెక్క వేద్దాం. బోర్ కొట్టదు, ఒక్క నిమిషం.

జాక్ రోజ్‌లో బ్రాందీ 60 ఎంఎల్, నిమ్మరసం 22, గ్రెనడిన్ 15. మొత్తం 97. ఐస్‌తో గట్టిగా షేక్ చేస్తే కరిగిన నీళ్లు ఇంకో 45 దాకా కలుస్తాయి, మీ ఐస్‌ని బట్టి అటూ ఇటూ. అంటే గ్లాసులోకి వచ్చేది సుమారు 140 ఎంఎల్. బ్లెండెడ్ పోస్తే అందులో ఆల్కహాల్ 24 ఎంఎల్, కానీ యాపిల్ నుంచి వచ్చింది ఎంత? 35 శాతమే కదా, 8.4 ఎంఎల్. బాండెడ్ పోస్తే ఆల్కహాల్ 30 ఎంఎల్, మొత్తం యాపిల్ నుంచే. మూడున్నర రెట్లు తేడా! అదే గ్లాసు, అదే నిమ్మకాయ, అదే కష్టం. షాప్‌ని బట్టి రెండు సీసాలకీ తేడా పది డాలర్ల చుట్టూ ఉంటుంది. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, ఇక్కడ పిండి అంటే యాపిల్.

ఇప్పుడు కొందరు అంటారు, "50 శాతం మరీ ఘాటు కదా, నేను ఒక సిప్ తాగి చూశా, గొంతు మండింది" అని. మండుతుంది. ఆవకాయ ఉత్తది నోట్లో వేసుకుంటే ఎలా ఉంటుంది? కళ్లలో నీళ్లొస్తాయి. అది ఉత్తగా తినడానికి పెట్టింది కాదు, వేడన్నంలో నెయ్యితో కలుపుకోవడానికి పెట్టింది. ఆ ఉప్పూ కారం అన్నంలోకి వెళ్లాక సరిపోయేలా లెక్కేసి కలుపుతుంది మన అమ్మమ్మ. కాక్‌టెయిల్‌కి కొనే సీసా కూడా అంతే. దాన్ని ఉత్తగా తాగి మార్కులు వేయకండి. పులుపు, తీపి, నీళ్లు, మూడూ మీద పడ్డాక ఇంకా మిగిలి ఉందా లేదా చూడాలి.

ఇదే లాజిక్ తిరగేస్తే కాల్వడోస్ దగ్గరికి వస్తాం. ఫ్రాన్స్‌లో నార్మండీ అనే ప్రాంతంలో చేసే యాపిల్ బ్రాందీ, ఆ పేరు అక్కడ చేసినదానికే పెట్టాలి. మామూలు కాల్వడోస్‌కి ఓక్‌లో కనీసం రెండేళ్లు. వీఎస్ఓపీ అని ఉంటే నాలుగేళ్లు, ఎక్స్ఓ అని ఉంటే ఆరేళ్లు, అదీ అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు. లేబుల్ మీద పేయి డోజ్ అని కనిపిస్తే పాట్ స్టిల్‌లో రెండుసార్లు బట్టీ పట్టింది, కాస్త గుండ్రంగా, నిండుగా ఉంటుంది. డోంఫ్రోంటే అని ఉంటే అందులో కనీసం 30 శాతం పియర్ పండ్లు ఉంటాయి, టేస్ట్ పూలవైపు లాగుతుంది. పియర్ ఉంది కదా అని అది తక్కువ రకం అనుకోవద్దు, నాకైతే ఉత్తగా తాగడానికి అదే ఇష్టం.

కానీ కాక్‌టెయిల్‌కి ఎక్స్ఓ కొనకండి. దయచేసి. మా సర్కిల్‌లో ఇది బాగా చూస్తుంటా. ఇండియా వెళ్లొస్తూ ఎయిర్‌పోర్ట్‌లో పెద్ద డబ్బా, బంగారు అక్షరాలు, ఎక్స్ఓ. ఇంటికొచ్చి అందులో నిమ్మకాయ పిండుతారు. ఆరేళ్లు, పదేళ్లు పీపాలో ఉండి వచ్చిన ఆ సన్నటి వాసనలన్నీ నిమ్మరసం దెబ్బకి ఫట్. అలాంటిది చిన్న గ్లాసులో ఉత్తగా తాగండి. మిక్సింగ్‌కి రెండేళ్లదో, మహా అయితే వీఎస్ఓపీయో చాలు. చిన్న వయసు కాల్వడోస్‌లోనే పచ్చి యాపిల్ వాసన బాగా తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఓక్, మసాలా వాసనలు ముందుకొచ్చి పండు వెనక్కి పోతుంది.

మరి అమెరికన్‌దా, ఫ్రెంచ్‌దా? నా రూల్ చెప్తా. పులుపు పడే డ్రింక్ అయితే అమెరికన్ బాండెడ్. జాక్ రోజ్ అదే. మేపుల్ సిరప్ ఒక టీస్పూన్, ఆంగోస్చురా రెండు చుక్కలు వేసి ఓల్డ్ ఫ్యాషన్డ్ చేసినా అదే, కాల్చిన ఓక్ వాసన మేపుల్‌తో భలే కలుస్తుంది. పులుపు లేకుండా వెర్మూత్, లిక్యూర్‌లతో కలిపి స్టిర్ చేసే పాత రెసిపీలకి కాల్వడోస్. కార్ప్స్ రివైవర్ నంబర్ వన్ అని ఉంది, కాన్యాక్ రెండు పాళ్లు, కాల్వడోస్ ఒక పాలు, స్వీట్ వెర్మూత్ ఒక పాలు. అక్కడ బాండెడ్ పోస్తే పక్కవాళ్లని మాట్లాడనివ్వదు. ఒక్క సీసాకే బడ్జెట్ ఉంటే మాత్రం బాండెడ్‌కే నా ఓటు. బాండెడ్ ఘాటైతే కొంచెం తగ్గించి పోసుకోవచ్చు, బ్లెండెడ్‌లో లేని యాపిల్‌ని మనం ఎక్కడి నుంచి తెస్తాం?

షాప్‌లో ఇంకో ట్రాప్. "యాపిల్ ఫ్లేవర్డ్ విస్కీ", "యాపిల్ ష్నాప్స్", ఇవన్నీ ఆకుపచ్చ లేబుల్‌తో పక్కపక్కనే ఉంటాయి. అవి వేరే సరుకు, ఎక్కువగా తీపీ ఫ్లేవరూ. "ఫ్లేవర్డ్" అనే మాట ఉంటే రెసిపీలో యాపిల్ బ్రాందీ ప్లేస్‌లో వాడకండి.

గ్రెనడిన్ గురించి కూడా చెప్పేస్తా, లేకపోతే సగం పనే. సూపర్‌మార్కెట్ ఎర్ర సీసాల్లో చాలావాటికి దానిమ్మతో చుట్టరికం ఉండదు, కార్న్ సిరప్, రంగు అంతే. ఇంట్లో పది నిమిషాల పని. దానిమ్మ రసం ఒక కప్పు, పంచదార ఒక కప్పు, సన్న మంట మీద కరిగేదాకా కలిపి దించేయండి, మరగనివ్వొద్దు. ఫ్రిజ్‌లో రెండు వారాలుంటుంది. మిగిలితే సోడాలో వేసి పిల్లలకి ఇవ్వండి, వాళ్లూ ఖుషీ.

ఇంకొకడు అడిగాడు, "బ్రో, సైడర్‌ని ఫ్రీజర్‌లో పెట్టి ఐస్ తీసేస్తే యాపిల్‌జాక్ అవుతుందట కదా" అని. పాతకాలంలో చలి దేశపు రైతులు అలా చేసేవాళ్లు, జాక్ అనే పేరు వెనక ఉన్న కథ అదే. కానీ బట్టీలో మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకి తీసేస్తారు. ఫ్రీజర్‌లో నీళ్లు తప్ప ఏదీ పోదు, పనికిరానివన్నీ చిక్కబడి మీ గ్లాసులోనే ఉంటాయి. పైగా పర్మిట్ లేకుండా ఇంట్లో స్పిరిట్ తయారుచేయడం ఇక్కడ ఫెడరల్ నేరం. వీకెండ్ ప్రాజెక్ట్‌లు చాలా ఉన్నాయి, ఇది వద్దు.

ఇక 50 శాతం సీసా కొనమని నేనే చెప్పాను కాబట్టి దాని లెక్క కూడా నేనే చెప్పాలి. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే సుమారు 18 ఎంఎల్ ప్యూర్ ఆల్కహాల్. బాండెడ్‌తో చేసిన ఒక జాక్ రోజ్‌లో 30 ఉంది. అంటే మీరు "ఒకటే తాగా" అనుకున్నది ఒకటిన్నర దాటిపోయింది. రెండు తాగితే మూడు దాటినట్టు. టేస్ట్‌లో తెలీదు, దానిమ్మ తీపి కప్పేస్తుంది. హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉన్నవాళ్లు బాగా వినండి. తాగి నడిపిన కేసులో అరెస్ట్ అయితే చాలు, కోర్టులో శిక్ష పడకముందే వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి ఉంది, చేస్తున్నారు కూడా. పార్టీ మీ ఇంట్లో అయితే వచ్చినవాళ్ల తాళాలు మీరే తీసి పెట్టుకోండి. క్యాబ్ బుక్ చేయండి, లేదా హాల్లో పరుపులు వేసేయండి, మనకి అలవాటేగా!

డాలస్ తమ్ముడి దగ్గర ఇంకా ముప్పావు సీసా బ్లెండెడ్ ఉందట, పారబోయనా అని అడిగాడు. ఎందుకు పారబోయడం? అల్లం సోడాలో పోసి, దాల్చినచెక్క ముక్క వేసుకుంటే అదీ బాగుంటుంది, అక్కడ యాపిల్ కొంచెం తగిలితే చాలు. కొత్త సీసా కొన్నాక రెండింటితో రెండు జాక్ రోజ్‌లు చిన్న కొలతతో చేసి, ఏది ఏదో చెప్పకుండా రూమ్మేట్ చేతికివ్వమన్నాను. ఈ శనివారం చేస్తాడట. రూమ్మేట్ ఏమన్నాడో రిజల్ట్ వచ్చాక చెప్తా. ఉంటా మరి, బై.