కంటబడని పదార్థము, లెక్కకందిన వైనము



పంచాంగశ్రవణం ముగిసింది. ఆకాశాన్ని గూర్చిన మరొక లెక్క వినిపించమని సంఘంవారు మమ్మల్ని కోరారు. మాది రైల్వే గుమాస్తా ఉద్యోగము. చదువు మెట్రిక్యులేషన్‌తో సరి. అయినా పొద్దస్తమానం కూడికలతో గడిపే వారము కనుక ఈ లెక్క మమ్మల్ని ఆకర్షించింది.

నక్షత్రాలకు, మనకు, ఈ పందిరి గుంజలకు మూలమైన మామూలు పదార్థంకంటె ఐదురెట్లకు పైగా మరొక పదార్థం విశ్వంలో ఉన్నదని శాస్త్రజ్ఞుల గణన. అది వెలుగునియ్యదు, వెలుగుకు అడ్డురాదు. కృష్ణపదార్థమని దానికి పేరు. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించి, అవి పరుగెత్తే వడికి కనబడే బరువు చాలదని, కనబడని బరువేదో పట్టి ఉంచకపోతే గుంపు ఏనాడో చెదరిపోయేదని తేల్చారు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గారలు ఆండ్రోమెడా గెలాక్సీ అంచులు కూడ వడి తగ్గకుండానే తిరుగుతున్నవని కొలిచి చూపారు.

రాహుకేతువులవంటిదే కదా అని పెద్దలు అనవచ్చును. కాదండీ. రాహుకేతువులు చంద్రుని దారి సూర్యుని దారిని దాటే రెండు చోట్లు. వాటికి బరువు లేదు. దీనికి ఉన్నదే బరువు.

మరి కనబడనిది ఎక్కడ గుమిగూడినదో లెక్కించడమెట్లా? కంప్యూటర్లు లేని 1941లో స్వీడన్ దేశస్థుడు ఎరిక్ హోంబర్గ్ ఒక ఉపాయం పన్నారు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగోవంతవుతుంది, ఆకర్షణా అంతే. ఆయన గెలాక్సీకి 37 బల్బుల చొప్పున రెండు గెలాక్సీలను పరచి, ఒక్కొక్క చోట పడే వెలుతురును కొలిచి, దానిని ఆకర్షణగా లెక్కగట్టి, బల్బులను ఆ మేరకు జరిపి, మళ్లీ కొలిచారు. ఎంత ఓపిక! మాకు ఈ కథలో అన్నింటికంటె ముచ్చటైనది ఇదే.

తరువాత బల్బు స్థానంలో అంకె వచ్చింది. విశ్వం పుట్టిన 3.8 లక్షల ఏళ్లనాటి వెలుగులో లక్షకొక వంతు హెచ్చుతగ్గులున్నవి. ఎక్కువున్న చోటు చుట్టుపట్లనున్నదాన్ని లాగుకొని ఇంకా ఎక్కువవుతుంది. ఆ తేడాలతో మొదలుపెట్టి, అడుగడుగునా ఆకర్షణను లెక్కిస్తూ నేటిదాకా రావాలి. 2005లో ప్రకటించిన మిలీనియం గణనలో వెయ్యికోట్లకు పైగా బిందువులు. ఒక్కొక్కటి వందకోట్ల సూర్యులకు మించిన బరువు! జర్మనీలోని గార్చింగ్ కంప్యూటరుకు నెలనాళ్ల పని అయింది. చివరకు సాలెగూటివలె పోగులు, ముడులు, నడుమ శూన్యాలు తేలినవి. దుర్భిణులతో గీసిన గెలాక్సీల పటమూ ఆ తీరుగానే ఉన్నది.

ఊహకు తగినట్లు బొమ్మ గీసుకున్నారేమో అనుకోరాదు. మొదట ఈ పదార్థం న్యూట్రినోలనే కణాలు కావచ్చునన్నారు. అవి మహావడిగలవి, చిన్న ముద్దలను నిలువనియ్యవు. 1983లో లెక్కవేస్తే పెద్ద గుంపులే ముందు ఏర్పడి, గెలాక్సీలు మరీ ఆలస్యంగా పుట్టినవి. ఆకాశం అట్లా లేదు. లెక్క కుదరనప్పుడు అంకెను సర్దే ఘనులను మేమెరుగుదుము. వీరు ఊహనే వదులుకున్నారు. 1985లో నిదానంగా కదిలే కణాలనుకొని 32,768 బిందువులతో వేసిన లెక్క ఆకాశానికి దగ్గరపడింది.

పేచీలు తీరలేదు. చిన్న గెలాక్సీల నడిబొడ్డున లెక్క చెప్పినంత చిక్కదనం చాలచోట్ల కనబడదు. ఆ కణం ఏ ప్రయోగశాలకూ ఇంకా చిక్కలేదు. వెరా రూబిన్ పేర చిలీ దేశపు కొండమీద కట్టిన వేధశాల 2025లో తొలి చిత్రాలు వెలువరించింది. పదేళ్లపాటు దక్షిణాకాశాన్ని చిత్రించడం దాని పని. ఆ పటాలను ఈ లెక్కల ప్రక్కన పెట్టి సరిచూస్తారు.