సంఘ పత్రములకు ఎట్టి డిస్కు కావలెను?

(యశ్వంతనగర్‌లో సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు ఈ సండూరు కొండల నడుమ స్థిరపడిన నాటినుండి వ్రాసియుంచిన చిట్టాలు, ఆవర్జాలు, పెండ్లి పత్రికలు, సంఘ తీర్మానములు ఇప్పుడు ఛాయలుగా తీయబడి ఒక్క కంప్యూటరులో చేరుచున్నవి. దానికి క్రొత్త డిస్కు కొనుటకు కార్యవర్గము నిశ్చయించి, ఏది కొనవలెనో చెప్పుమని నన్ను కోరినది. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాడను. వర్తకుడు సరకును పరీక్షించునట్లే దీనిని పరీక్షించితిని.

దుకాణమున “వేగము, నమ్మకము” అని రెంటిని ఒక్క ఊపిరిలో చెప్పుదురు. అవి వేర్వేరు ప్రశ్నలు.

హార్డు డిస్కులో గుండ్రని పలకలు తిరుగుచుండును. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగుదానిలో సైతము, కావలసిన చోటు చదువు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున 4 మిల్లీసెకండ్లు పట్టును. ముల్లు ప్రక్కకు జరుగు కాలము దీనికి అదనము. ఎస్.ఎస్.డి.లో తిరుగునదేదియు లేదు. సాటా రకపు ఎస్.ఎస్.డి. సెకండునకు సుమారు 550 మెగాబైట్లు చదువగా, ఇంటి వాడుక హార్డు డిస్కు సాధారణముగా 150 నుండి 200 వరకు చదువును. కావున విండోసు నుంచుటకు 500 జీబీల ఎస్.ఎస్.డి. కొందము. ఎన్.వి.ఎం.ఈ. రకము ఇంకను వేగవంతమే గాని, మన పాత మదర్‌బోర్డుపై దానికి తగిన గాడి లేదు.

ఇక నమ్మకము. ఏ కంపెనీది మంచిదని అందరును అడుగుదురు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా హార్డు డిస్కులను పరిశీలించి 2007లో ఒక వ్యాసము ప్రకటించిరి. డిస్కు తన ఆరోగ్యమును తానే వ్రాసికొను పట్టికకు స్మార్ట్ అని పేరు. చెడిన డిస్కులలో సగమునకు పైగా ఆ పట్టికలోని నాలుగు ముఖ్య సూచనలలో ఒక్కటియు చూపకయే చెడినవని వారు కనుగొనిరి. అనగా జబ్బు తెలియకయే ప్రాణము పోవచ్చును. వారంటీ యున్నది కదా యందురేమో. వారంటీవలన డిస్కునకు బదులు డిస్కు వచ్చును. అందులోని మన తాతల చేవ్రాలు తిరిగి రాదు.

అయినను ఆ పట్టికను చూడకుండ సరకు దింపుకొనరాదు. మా దుకాణమునకు క్రొత్తదని వచ్చిన యొక డిస్కు అప్పటికే పదునెనిమిది వేల గంటలు, అనగా రెండేండ్లకు పైగా నడిచినట్లు అందులో కనబడినది. బిల్లుపై సీరియలు నంబరుండుటచేతనే అమ్మినవాడు మారుమాటాడక మార్చియిచ్చెను. 2025 ఆరంభమున జర్మనీలో సీగేట్ డిస్కుల విషయమున ఇట్టి మోసమే బయటపడినది. ఎవరో గంటల లెక్కను చెరిపివేసి పాతవానిని క్రొత్తవిగా అమ్మిరి. డిస్కులోనే దాగియున్న ఫార్మ్ అను రెండవ లెక్క వారిని పట్టియిచ్చినది. దొంగ త్రాసు మన సంతలోనే యున్నదనుకొంటిమి!

మరియొకటి అడుగవలెను: సి.ఎం.ఆర్.యా, ఎస్.ఎం.ఆర్.యా? రెండవదానిలో వ్రాత జాడలు ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి పడును. తిరిగి వ్రాయునపుడు నెమ్మదించును. తమ రెడ్ రకపు డిస్కులలో కొన్ని ఇట్టివని వెస్టర్న్ డిజిటల్ కంపెనీ 2020లో ఒప్పుకొనినది.

పరిమాణమునకు ఆశపడనక్కరలేదు. పుటకు మూడు మెగాబైట్లు పట్టినను లక్ష పుటలకు 300 జీబీలే. ఒక్కొక్క టెరాబైటు గల హార్డు డిస్కులు రెండు, వేర్వేరు దుకాణములనుండి కొందము. ఒకటి కంప్యూటరులో నుండును. రెండవది నెలకొకసారి ప్రతి తీసి, విప్పి, వేరొక యింట నుంచవలెను. విద్యుత్తు లేక ఏండ్లతరబడి దాచుటకు ఎస్.ఎస్.డి. తగదు గనుక ఇదియు హార్డు డిస్కే కావలెను. గనుల ఎఱ్ఱధూళి డిస్కులోనికి పోదు గాని ఫ్యానును మూసివేసి వేడి పెంచును, నెలకొకసారి దులుపవలెను. యూ.పి.ఎస్. లేకుండ కంప్యూటరు తెరువరాదు.

రెండవ డిస్కును తమ యింట నుంచుకొనుటకు హోసపేటలోని మన సభ్యులొకరు సమ్మతించిరి. కొనుగోలు బిల్లులు, సీరియలు నంబర్లతో సహా, ఈ పత్రికలోనే ప్రకటింపబడును.