నోట్లో ఫంగస్

నోట్లో వచ్చే ఫంగస్ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది క్యాండిడా. ఆరోగ్యవంతుల నోట్లోనూ ఇది ఉంటుంది. షుగరు అదుపు తప్పినా, యాంటీబయోటిక్స్ ఎక్కువగా వాడినా, కట్టుడు పళ్లు రాత్రిళ్లు తీయకపోయినా పెరిగిపోతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారికీ ముప్పుంది. సిరిసిల్ల మగ్గాల షెడ్లలో, జగిత్యాల, కోరుట్లల్లో బీడీలు చుట్టే ఇళ్లలో ఆయాసంతో ఇన్‌హేలర్ వాడేవాళ్లు పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మాలి. చాలామంది వదిలేసేది ఈ చిన్న పనినే.

పెరుగు తరకల్లాంటి తెల్లమచ్చ తుడిస్తే ఊడి, కింద ఎర్రగా కనిపిస్తే క్యాండిడా అనుమానం బలపడుతుంది. మచ్చను గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి, మైక్రోస్కోపులో చూసి నిర్ధారిస్తారు. తుడిచినా ఊడని మచ్చ సంగతి వేరు. పొగాకు వాడేవారిలో అది క్యాన్సరుకు ముందు దశ కావచ్చు కాబట్టి ముక్క పరీక్ష అవసరమవుతుంది.

చికిత్స తేలికే: వారం, రెండు వారాలు నోట్లో క్లోట్రిమజోల్ లేదా నిస్టాటిన్. తగ్గకపోతే ఫ్లూకోనజోల్ మాత్రలు. కొన్ని షుగరు మాత్రలతో ఇవి కలిస్తే షుగరు బాగా పడిపోవచ్చు, కాబట్టి వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి.

నోట్లో కనిపించే మరో ఫంగస్ జబ్బు, 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా నోటిఫై చేసిన బ్లాక్ ఫంగస్, అంత తేలిక కాదు. అంగిలి నల్లబడినా, పైపళ్లు కదిలినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. దానికి యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, ఆపరేషన్ అవసరమవుతాయి.