తల వంచుకొన్నవాడు



నాయొద్ద చదివిన యొకడు సారాకు బానిసయై పొలము పోగొట్టుకొనెను. భార్య పుట్టింటికి పోయెను. పెద్దలము వానిని రచ్చబండకు పిలిపించి తలకొక మాట యంటిమి; నేనును అంటిని. వాడు తల వంచుకొని వినెను. బుద్ధి వచ్చినదని తలచి యిండ్లకు పోతిమి. మూడవనాడు వాడు ప్రాణము తీసికొనెను.

ఆ మౌనము విషాదమని మేమెరుగము. మద్యము దిగులును కొంతసేపు మరపించి, పిదప పెంచును, నిగ్రహమును సడలించును. అందుచేతనే త్రాగుడుకు లోబడినవారిలో ఆత్మహత్యలు ఇతరులలోకంటె పెక్కు రెట్లు అధికమని వైద్యులు చెప్పుచున్నారు. అప్పు, అవమానము, ఆలుబిడ్డల యెడబాటు తోడైననాడు అపాయము మిక్కిలి.

అట్టివానిని ఏకాంతమునకు పిలిచి, “నాయనా, చావవలెనని తోచుచున్నదా?” యని తిన్నగా అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. బరువు కొంత దిగును. అవునన్నచో ఒంటరిగా విడువరాదు. పురుగుమందు ఇంట నుంచరాదు. ఆస్పత్రికి తోడు పోవలెను. 2022లో నెలకొల్పిన టెలిమానస్‌వారితో, 14416 సంఖ్యకు, రేయింబవళ్లు ఉచితముగా తెలుగుననే మాటాడవచ్చును. పోలీసుల భయ మేల? ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నవాడనియే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము భావించును. వానికి చికిత్స చేయించుట ప్రభుత్వ విధి.

గుడిలో ఒట్టు వేయించి ఒక్కనాడే మాన్పించుట మన యలవాటు. చిరకాలము మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కావచ్చును. వైద్యుని యెదుటనే మాన్పింపవలెను. మానిన కొన్ని వారములకు పెక్కురకు దిగులు తగ్గును. తగ్గనివారికి వేరుగా మందు కలదు.

ఇదంతయు నాకు ఆలస్యముగా తెలిసినది. వాని తల్లి నేటికిని నన్ను పంతులుగారూ యనియే పిలుచును.